మగ్గం ఆపొద్దు

మొగుడి పేరు పలకకూడదంటారు. నా మొగుడి పేరు పలికితే దోషమేమీ లేదు, ఎందుకంటే అది ముద్దుగా పెట్టుకున్న పేరు కాదు, దిష్టి తగలకుండా తగిలించిన పేరు. తిప్పన్న. తిప్ప అంటే పెంటదిబ్బ. పుట్టినరోజే ఆయన్ని చాటలో పెట్టి దిబ్బ మీద పడుకోబెట్టారు. పక్కింటి ఉరుకుందమ్మ వచ్చి, తల్లి ఒడిలో చేరెడు తవుడు పోసి బిడ్డను కొనుక్కుంది. ఆ బేరం పెట్టించింది బిడ్డను కన్న తల్లే, మా అత్త సుబ్బరత్నమ్మ.

ఆమెకు అంతకుముందు పుట్టిన ఇద్దరు మగపిల్లలూ రెండో ఏడు దాటలేదు. ఇద్దరూ మొదట తిండి మానేశారు, తర్వాత జ్వరం వచ్చింది, పోయారు. మూడోవాడు తన బిడ్డ కాదని, దిబ్బ మీద దొరికితే ఎవరో కొనుక్కున్నారని నమ్మిస్తే యముడు వదిలేస్తాడని ఆమె ఆశ.

మా వైపు ఇలాంటి బేరాలు చాలా ఇళ్ళల్లో జరిగేవి. తవుడు పోసి, నవ్వుకొని, మరునాటి నుంచి ఎవరి బిడ్డను వాళ్ళే ముద్దాడుకునేవాళ్ళు. మా అత్త అలా కాదు, పట్టిందంటే ఉడుంపట్టు. కొడుక్కి తనను 'అక్కా' అని పిలవడం నేర్పింది. నలుగురిలో ఎత్తుకునేది కాదు. ఎప్పుడైనా తానే అన్నం పెట్టాల్సి వస్తే మొహం గోడవైపు తిప్పుకొని, "తింటే తిను, లేకుంటే పో" అనేది. సూటిగా చూస్తే తల్లి చూపని తెలిసిపోతుందని భయం.

అలాంటి ఇంట్లో పిల్లవాడు బతికి బట్టకట్టాడంటే అది ఉరుకుందమ్మ చలవే. ఆమె కాకిని చూపించి, కుక్కను పిలిచి, పూటపూటా సంగటి తినిపించేది. గంజికేంద్రాలు పెట్టిన కరువు పోయిన మరుసటి ఏడు, ఆమె కూతురి కాన్పుకని నందికొట్కూరు వెళ్ళింది. ఆ రోజు నుంచి తిప్పన్న నోరు మూసుకున్నాడు.

పాలు పోసి పిసికిన సంగటి పెడితే నాలుకతో బయటికి నెట్టేవాడు. బెల్లం కలిపితే బెల్లం చప్పరించి మిగతాది ఉమ్మేసేవాడు. ఉప్పూ మిరపకాయలూ దిగదీసి పొయ్యిలో వేశారు, చేతికి తాయెత్తు కట్టారు. ఏం చేసినా పక్కటెముకలు బయటపడుతూనే ఉన్నాయి. మా అత్త రాట్నం ముందు కూర్చుంటే కండె సగం చుట్టకముందే నూలు తెగేది. ముందు ఇద్దరూ ఇట్లాగే మొదలుపెట్టారు మరి.

చివరికి ఊదించడానికి మసీదు దగ్గరి ముసలి సాయిబు వద్దకు ఎత్తుకుపోయింది.

"ఎవరి బిడ్డమ్మా?" అన్నాడాయన.

"ఉరుకుందమ్మ బిడ్డ, సాయిబన్నా."

"ఆయమ్మ యాడ?"

"నందికొట్కూరు పోయినాది."

సాయిబు పిల్లవాడి కడుపు తడిమి, నాలుక చూసి, మూడుసార్లు ఊదాడు. "జబ్బేమీ లేదు. తల్లి మీద బెంగ పెట్టుకున్నాడు. తొందరగా పిలిపీండి. తల్లి దగ్గరికి తీసుకోని పెడితే తింటాడు. ఆలస్యం చేస్తే మాత్రం నేనేం చెప్పలేను."

ఆ తల్లిని నేనేనని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. సాయిబు చివరి మాట ఇంటిదాకా ఆమెను తరిమింది. భుజం మీద బిడ్డ బరువే తెలియడం లేదు.

ఇంట్లో మా మామ ఓబులేసు గుంటమగ్గంలో కూర్చొని నేస్తున్నాడు. సాయిబు చెప్పింది విని, పోగు తోసే నాడె పక్కన పెట్టాడు.

"తల్లి ఈడ ఉండంగా నందికొట్కూరుకు కబురెందుకే? నువ్వే పిలువు."

"పిలిస్తే వింటాడు."

"ఎవరు?"

ఆమె ఇంటికప్పు వైపు చూసింది.

మా మామ ఎంతటి కష్టంలోనైనా ఎకసెక్కాలాడే మనిషి. "ఆయప్పకు మన వీధిలోనేనా పని? కరువులో ఊరూరూ తిరిగి అలిసి, యాడో పండుకోనుంటాడులే" అన్నాడు. అన్నాడే గానీ నవ్వలేదు. పుల్లల్లాంటి కొడుకు కాళ్ళు చూస్తూ ఉండిపోయాడు.

మా అత్త తలుపు గడియ పెట్టింది. కిటికీలో గోనెసంచి కుక్కింది. గిన్నెలో సంగటి పిసుక్కొని, బిడ్డను ఒళ్ళో వేసుకొని మగ్గం పక్కనే కూర్చుంది.

"గట్టిగా కొట్టు. నేను చెప్పేదాక మగ్గం ఆపొద్దు. నేనేమనేదీ నీకు గూడా వినబడకూడదు."

మగ్గం మోత ఇల్లంతా నిండింది. అప్పుడు ఆమె మొహం గోడ మీది నుంచి తిప్పి, కొడుకు కళ్ళలోకి చూసింది.

"నా కొడకా" అంది. పెదవులు కదిలాయంతే.

పిల్లవాడు వింతగా చూశాడు. ఆ మొహం వాడు అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. చెయ్యెత్తి ఆమె ముక్కుపుల్ల ముట్టుకున్నాడు.

"నా తండ్రీ. నేను కన్నానురా నిన్ను. ఒక్క ముద్ద తిను నాయనా."

నోరు తెరిచాడు. మింగాడు. మళ్ళీ తెరిచాడు. రెండేళ్ళుగా దాచుకున్న మాటలన్నీ ఆమె నోట కట్ట తెగినట్టు వచ్చాయి. ఏడుస్తోంది, పెడుతోంది, పిలుస్తోంది. మోతతో పాటు తన గొంతూ పెరిగిన సంగతి ఆమెకు తెలియలేదు.

పోగు తెగింది. పోగు తెగితే ఏ నేతగాడి చెయ్యైనా తనంతట తానే ఆగిపోతుంది. మా మామ చెయ్యీ ఆగింది. "నా కొడకా" అన్న మాట ఒక్కటే ఇంటినిండా వినబడింది.

మా అత్త పెట్టబోతున్న ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తలుపు వైపు చూసింది, కప్పు వైపు చూసింది. "కాదు, నా కొడుకు కాదు. ఉరుకుందమ్మ కొడుకు. తవుడు పోసి కొనుక్కునింది" అని పైకి చూస్తూ గట్టిగా చెప్పింది.

తిప్పన్న ఆమె గడ్డం పట్టుకొని కిందికి లాగాడు.

"అమ్మా, బువ్వ."

ఆ నోరు మూయడానికే ఆమె చెయ్యెత్తింది. చేతిలో ముద్ద ఉంది. వాడి నోరు తెరిచి ఉంది.

"కొట్టు" అంది మొగుడితో, ముద్ద పెడుతూ.

"పోగు తెగినాదే."

"తెగితే తెగనీ. కొట్టు."

మా మామ పోగు అతకకుండానే కొట్టాడు. ఆ పూట నేసింది ఎందుకూ పనికిరాలేదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా మా అత్త ఒక కన్ను కొడుకు నోటి మీద, ఒక కన్ను కప్పు మీద పెట్టి తినిపించింది.

ఆ భయం ఆమెను చివరిదాకా వదల్లేదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, మీసాలొచ్చిన నా మొగుడు అన్నానికి కూర్చుంటే, ఆమె మా మామను మగ్గంలోకి దిగి గట్టిగా కొట్టమనేది.