పూడ్చినారా, మూసినారా

మా పక్క పోర్షన్‌లో ఉండే ప్రణతికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. వాళ్ళు ఐదు తరాలుగా చెన్నైలోని ఈ చూలైలోనే ఉంటున్నారు. బడి చదువంతా తమిళంలో, ఇంగ్లీషులో సాగింది. ఇప్పుడు కాలేజీలో రెండో ఏడాది. పొద్దున్నే మాక్కూడా పాల ప్యాకెట్లు తెచ్చిచ్చి, మా మూడేళ్ళ ఆరతిని ఒకసారి ఎత్తుకుని, బస్సు కోసం పరుగెడుతుంది. ఏ మాటనైనా "ఎవరు చెప్పినారు?" అని అడగందే వదలదు. కూరగాయల బండి ఆనందన్ టమాటాలు నాటువి అంటే "ఏ ఊరి నాటు?" అంటుంది.

"దీన్ని కట్టుకునేవాడు ఇద్దరు సాక్షుల్ని వెంటబెట్టుకోని రావాల" అని వాళ్ళ అవ్వ అలివేలుమంగమ్మ నవ్వుతుంది.

ఏప్రిల్లో కాలేజీ వాళ్ళు ప్రణతికి ఒక పని ఇచ్చారు. ఇంటర్నెట్‌లోని ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వంలో ఒక వ్యాసం తీసుకుని, ప్రతి వాక్యాన్నీ దానికిచ్చిన మూలంతో సరిచూసి, ఎంతవరకు నమ్మవచ్చో రాయాలి. తను మా వీధి గురించి ఉన్న వ్యాసాన్నే ఎంచుకుంది.

ఆ వ్యాసం నేనూ చదివాను. నిరుడు ఈ ఇల్లు అద్దెకు తీసుకునే ముందు, పరుగులు నేర్చిన పిల్లతో పాత ఇంట్లోకి పోతున్నామే అన్న భయంతో వెతికాను. "ఈ వీధి ఇళ్ళలోని బావులను 1970లలో పూడ్చివేశారు" అని ఉంది. పక్కన ఒక చిన్న అంకె ఉంది. నేను ఫిజిక్స్ చదివినదాన్ని. మూలం ఇచ్చారంటే ఎవరో ఒకరు చూసే ఉంటారనుకున్నాను. ఆ అంకె నొక్కి చూడలేదు.

ఇంట్లో ఒకటే వింత. నడవలో ఎర్ర గచ్చు ఒకచోట ఎండాకాలంలోనూ చల్లగా ఉండేది. పాపకి పక్క అక్కడే వేశాను. మధ్యాహ్నాలు ఆరతి నిద్రపోకుండా బోర్లా పడుకుని, చెవి నేలకు ఆనించి, పిడికిలితో మూడుసార్లు కొట్టేది. ఆగేది. ఎవరో చెప్పింది విన్నట్టు తల ఊపేది.

"ఎవరితోనమ్మా ఆట?"

"కింద వాళ్ళతో."

మాది కింది పోర్షన్. మా కింద ఉన్నది మట్టే.

ఒకరోజు నేనూ చెవి ఆనించాను. పాప కొట్టింది. క్షణం తర్వాత, చాలా లోతు నుంచి, "టుప్" అని వినిపించింది. కాలవ గొట్టం అయ్యుంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ ఆదివారం ప్రణతి మా గడపలోకి వచ్చింది. చేతిలో అట్ట ఊడిన పుస్తకం ఉంది. వెనకే వాళ్ళ అవ్వ చిక్కుడుకాయల చేటతో వచ్చి కూర్చుంది.

"అక్కా, అన్నీ చూసేస్తిని. బావుల వాక్యం ఒకటే మిగిలుండాది. దానికి మూలం మా భజన మందిరం రజతోత్సవ సంచిక. అవ్వ పెట్లోనే దొరికె. ఇరవయ్యో పేజీ, మీరు చదివి చెప్పండి."

చదివాను. "కొళాయి నీరు వచ్చిన పిమ్మట మన వీధిలో ఆరు గృహముల బావులు మూయబడినవి."

"మూయబడినవి అంటే?"

"మూసేశారు."

"అదే, క్లోజ్డ్. వ్యాసంలో ఫస్ట్ అట్లే ఉండింది. పాత మార్పులన్నీ చూస్తిని. రెండేండ్ల తర్వాత ఎవరో ఇంగ్లీషు బాగుచేస్తా 'ఫిల్డ్ ఇన్' అని మార్చినారు. రెండూ ఒకటే కదక్కా?"

నేను నోరు తెరిచేలోపు అలివేలుమంగమ్మ చిక్కుడుకాయ విరిచి అంది: "ఏందే ఒకటి? నీ నోరు మూసేదీ నోట్లో మన్ను పోసేదీ ఒకటేనా? గంగమ్మను పూడ్చరాదు అన్నాడు మా మామ. ఇనప పట్టీలు పరిచి, ఇటికముక్కలూ సున్నమూ దిమ్మిస కొట్టి, పైన పసుపూ కుంకమా పెట్టి మూసినారు. కొత్త కోడల్ని, హారతి పళ్ళెం పట్టింది నేనే."

"మా ఇంట్లో బావి ఎక్కడుండేది అవ్వా?"

"ఆడే, నడవలో. అప్పుడు ఇల్లంతా మాదే, అది పెరడు కదా."

లోపలికి పరుగెత్తాను. ఆరతి అక్కడే నిద్రపోతోంది, చెవి నేలకు ఆనించి, పిడికిలి బిగించి. ఎత్తుకుని, గోడ వారగా అడుగులు వేస్తూ బయటికి వచ్చాను.

మర్నాడు ఇంటి ఓనరు దేవరాజులు గారు మేస్త్రీ మోసెస్‌ను తీసుకొచ్చారు. "పూడ్చేసినారని కంప్యూటర్లోనే ఏసినారు కదమ్మా, నేనూ చూస్తినే" అని గొణిగారు. మోసెస్ గచ్చు అంచున గునపంతో మెల్లగా కొట్టాడు. రెండో దెబ్బకే గునపం చేయి జారి, జానెడు లోపలికి దిగిపోయింది. చల్లటి పాచి వాసన పైకొచ్చింది. ఒక పెచ్చు లోపల పడింది. క్షణం ఏమీ లేదు. తర్వాత, టుప్.

ఆ చప్పుడు నాకు తెలుసు.

మోసెస్ టార్చి వేసి చూశాడు. ఇనప పట్టీలు తుప్పుపట్టి రాలిపోయాయి. అడుగున సున్నం చెమ్మకి నాని ఊడిపోగా, పైన రెండు వేళ్ళ మందమే మిగిలింది. ఆరతి కొట్టినప్పుడల్లా అడుగు నుంచి ఒక పెచ్చు రాలి నీళ్ళలో పడేది. తనకి వచ్చిన జవాబు అదే.

వారం రోజులు ఇసుక పోశారు. అలివేలుమంగమ్మ ఆ వారమంతా మా వైపు చూడలేదు. చివరి రోజు మాత్రం పసుపు తెచ్చి చల్లి వెళ్ళింది. ఆరతి గచ్చు మీద కొట్టి, చాలాసేపు ఆగి, "పలకడం లేదు" అని ఏడ్చింది.

ప్రణతి వ్యాసంలో ఆ వాక్యం దిద్ది, పేజీ నంబరుతో సహా పెట్టింది. తర్వాత సంచిక పట్టుకుని మళ్ళీ నా దగ్గరికొచ్చింది.

"అక్కా, ఆరు గృహములు అని కదా ఉండాది. మనది ఒకటి. మిగతా ఐదు?"

ఆ సాయంత్రమే ఇద్దరం బయల్దేరాం. వీధి చివరి ఇంట్లో తలుపు తీసినామె, పేరు విజి, మమ్మల్ని లోపలికి పిలిచి నీళ్ళిచ్చింది. ప్రణతి ముందు ఒకటే అడిగింది: "మీ ఇంట్లో ఎప్పుడూ చల్లగా ఉండే చోటు ఏదన్నా ఉందాండీ?"

విజి నవ్వింది. "ఉంది కదా. అందుకే ఆడ కట్టినాము" అని వేలు చూపించింది.

అక్కడ ఉయ్యాల ఊగుతోంది.