మానేరు ఒడ్డున మా అత్త నాటు పాట

మా మేనత్త రాజవ్వకు కరీంనగర్ నుంచి ఫోన్ రాకపోతే ఈ ఎండాకాలంలో నేను ఖానాపూర్ వదిలి కదిలేదాన్ని కాదు. మానేరు ఒడ్డున ఆరుబయట వేదిక మీద జానపద పాటల కార్యక్రమం ఉందట, అత్త ఒక నాటు పాట పాడాలట. నలభై ఏళ్లు వరినాట్లలో ఆమె పాట ఎత్తుకుంటే పక్కనున్న ఆడవాళ్లు అందుకునేవారు. ఇప్పుడు మా వైపు నాట్లకు బిహార్ నుంచి కూలీలు వస్తున్నారు. అత్త నోట పాట విని నాలుగేళ్లయింది. "పాడుడు పెద్ద ముచ్చట గాదు బిడ్డా. గాడ అందుకునేటోళ్లు ఉంటరా?" అని బయలుదేరే ముందే మూడుసార్లు అడిగింది. ఆమెకు కావలసింది అదొక్కటే. ఉంటారని అబద్ధమాడాను.

ఉదయం తొమ్మిదికి బస్సెక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం, సీటు మాత్రం మన అదృష్టం. అత్తకు దొరికింది, నేను జగిత్యాల దాకా నిలబడే వచ్చాను. అక్కడ ఇంకో బస్సు కోసం గంటన్నర ఎదురుచూపు. కరీంనగర్‌లో దిగేసరికి రెండు దాటింది, నడుము నాది కాదనిపించింది. బస్టాండ్ ఎదురుగా నూట ఇరవైకి భోజనం చేసి ఆటో మాట్లాడాం. "నూటయాభై ఇయ్యిండ్రి. గని గాడ జర్రంత నీడ గూడ లేదక్కా, గిప్పుడే పోయి ఏం జేస్తరు?" అన్నాడు డ్రైవర్. వినలేదు. వేదిక ముందున్న సిమెంటు మెట్లు పెనంలా కాలుతున్నాయి. మూడు గంటలు కొంగు నెత్తిన కప్పుకొని, అత్తను విసుక్కుంటూ గడిపాను.

ఆరున్నరకు అత్త పేరు పిలిచారు. మైకును ఆమె ఎత్తుకు సరిచేసి, దాని ముందు నిటారుగా నిలబెట్టారు. అత్త నోరు తెరిచింది, మాట రాలేదు. మళ్లీ తెరిచింది. జనం ఫోన్లు పైకెత్తి చూస్తున్నారు. పరుగున వేదిక దగ్గరికి వెళ్లి ఏమైందని అడిగాను.

"నిలవడితే యాదికొస్తలేదు బిడ్డా. గీ పాట నేనెన్నడు నిలవడి పాడలే."

మైకు దగ్గరే ఉండాలమ్మా అని నిర్వాహకుడు అంటూనే ఉన్నాడు. అత్త కొంగు నడుములో దోపుకుంది. వంగి, ఎడమ చేతిలో నారుకట్ట ఉన్నట్టే పట్టుకొని, నాటేసినట్టు వెనక్కి అడుగులేస్తూ ఎత్తుకుంది: "నీళ్లమడి నిండెనే చెల్లెలా, వంగి నాటేయరాదే..." మైకుకు అందక గొంతు సన్నగా వినిపించింది. అంతవరకు పాడి ఆగింది. జనం చప్పట్లు కొట్టారు. ఆమె ఆగింది చప్పట్ల కోసం కాదు. రెండోసారి పాడి మళ్లీ ఆగింది. నాకా పాట రాదు. పొద్దున ఆడిన అబద్ధం అప్పుడు గుర్తొచ్చింది.

అంతలో పై మెట్ల మీంచి "వంగి నాటేయరాదే చెల్లెలా" అని రెండు గొంతులు అందుకున్నాయి. తిరిగి చూస్తే, పడేసిన టీ కప్పులు ఊడుస్తున్న ఇద్దరు ఆడవాళ్లు. వాళ్లు చీపురు ఆపలేదు, తల కూడా ఎత్తలేదు. అత్తా తల ఎత్తలేదు. పాట అయ్యేదాకా ముగ్గురూ వంగే ఉన్నారు.

తర్వాత అత్త వాళ్లను వెతుక్కుంటూ మెట్లెక్కింది. "మాది హుజూరాబాద్ దిక్కవ్వా. నాట్ల పని లేక గిటొచ్చినం. గీ పాట అనక ఎన్నేండ్లాయెనో" అంది ఒకామె. అత్త ఆమె చేయి వదలలేదు.

మర్నాడు తిరుగు బస్సులోనూ నాకు సీటు దొరకలేదు. కాళ్లు ఇప్పటికీ నొప్పిగానే ఉన్నాయి, ఇలాంటి ప్రయాణం మళ్లీ చేయాలని లేదు. కానీ పాట అంటే పాడేవాళ్లదని ఇన్నాళ్లూ అనుకున్నాను, అందులో సగం అందుకునేవాళ్లదని ఆ సాయంత్రం తెలిసింది. మీరెప్పుడైనా అక్కడ ఇలాంటి కార్యక్రమానికి వెళితే ఒక్క మాట: ఎండ తగ్గాక, ఆరింటికే వెళ్లండి. ముందు వరుసల కోసం తోసుకోకుండా, ఊడ్చేవాళ్లుండే పై మెట్ల మీద కూర్చోండి. నేను ఆ పాట నేర్చుకుంటున్నాను, వంగే.