గోపాలప్పకు తెలుగు రాదనుకున్న పిల్ల

యలహంక పాత ఊళ్ళో నాలుగు తరాలుగా కాపురమున్న గోపాలప్పకు ఒక వింత అలవాటుంది. వింత అని మనమనుకోవాలి గానీ, ఆ వీధిలో అందరిదీ అదే తంతు. గడప లోపలున్నంతసేపూ తెలుగు, చెప్పుల్లో కాలు పెట్టాడంటే కన్నడం. కూరగాయలమ్మే ఆమెదీ తెలుగే, చిల్లరంగడి నాగప్పదీ తెలుగే. అయినా ముగ్గురూ వీధిలో నిలబడి కన్నడంలోనే బేరమాడుకుంటారు. ఎవరో పెట్టిన నియమం కాదు, నోటికి పట్టిన వాడుక. అరవయ్యో యేట ఆ వాడుకే ఆయన ప్రాణం తోడేసింది.

బడిపిల్లల యూనిఫారాలు ముప్పై ఏళ్ళు కుట్టి, చూపు మందగించాక మిషనుకు మూతేసిన దర్జీ ఆయన. మేడమీద అద్దెకున్న సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఇల్లు ఖాళీ చేస్తూ, వారంలో వచ్చి తీసుకెళ్తానని తన కుక్కను వీళ్ళకు అప్పజెప్పి పోయాడు. ఆ వారానికి ఇప్పుడు ఐదేళ్ళు. దాని పేరు బ్రూనో. గోపాలప్ప భార్య రత్నమ్మ నోట్లో పడి బురనప్ప అయింది. అంత సోమరి కుక్క యలహంక మొత్తంలో లేదు. దొంగ వస్తే తోకాడిస్తూ బీరువా దాకా దోవ చూపించే రకం. "తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు" అని రత్నమ్మ రోజూ దాన్ని తిడుతూనే రాగిముద్ద పెట్టేది. చివరికి ఆ సోమరితనానికే ఉద్యోగం దొరికింది.

దగ్గర్లోని ఇంజినీరింగ్ కాలేజీలో నళిని అని ఒక కౌన్సెలర్ ఉంది. పరీక్షల రోజుల్లో పిల్లల గుండెదడ తగ్గించడానికి సాధువైన కుక్కలను పిలిపించి, లైబ్రరీ పక్క గదిలో చాప పరిచి కూర్చోబెడుతుంది. థెరపీ డాగ్స్ అంటారు. పిల్లలు చీటీ తీసుకుని వరసగా వచ్చి, పావుగంట దాన్ని నిమురుతూ కూర్చుని పోతారు. ఆ పనికి పనికొస్తాడా అని పెట్టిన పరీక్షలన్నీ బురనప్ప మొదటిసారే ప్యాసయ్యాడు. గోపాలప్పకు నళిని చెప్పింది రెండు మాటలే. పిల్లలు కుక్కతో చెప్పుకునేవి చెవిన పడతాయి, పట్టించుకోవద్దు. ఎవరికైనా ప్రమాదమనిపిస్తే మాత్రం ఆ క్షణమే తనకు చెప్పాలి.

గురువారం పరీక్షలనగా మంగళవారం నాడు ఒక బక్కపల్చటి పిల్ల చీటీ పట్టుకుని వచ్చింది. చీటీ మీద చాందిని అని ఉంది. "అంకుల్, కెన్ ఐ సిట్?" అని అడిగింది. "బా మగళే, కూత్కో" అంటూ గోపాలప్ప చాప తట్టి చూపించాడు. ఈయన కన్నడాయన, మన మాట తెలియదు అని ఆ పిల్ల ధీమాగా కుక్క పక్కన చేరింది. దాని చెవి దగ్గర నోరు పెట్టి, కదిరి తెలుగులో మొదలుపెట్టింది.

"బ్రూనో, నేను నిద్రపోయి ఐదు దినాలైంది రా. పుస్తకం తెరిస్తే అక్షరాలు చీమల మాదిరి పారాడుతుండాయి. మ్యాథ్స్ రెండుసార్లు పోయింది. మా నాయనకేమో ప్యాసైనానని చెప్పినా. పనిచేసే శెనక్కాయల మిల్లులో అందరికీ మిఠాయిలు పంచినాడంట."

అప్పుడే ఒక్క తెలుగు ముక్క మాట్లాడి ఉండొచ్చు గోపాలప్ప. నోరు తెరిచాడు కూడా. ఇప్పుడు నేను తెలుగులో దగ్గినా ఈ పిల్ల సిగ్గుతో చచ్చిపోతుంది అనుకుని మళ్ళీ మూసుకున్నాడు. మంచితనమే అనుకోండి. కానీ మంచితనం కూడా ఒక్కోసారి కొంప ముంచుతుంది.

ఆ సాయంత్రం ముద్ద ముట్టలేదు. "ఏమప్పా, ఒంట్లో బాగలేదా?" అని రత్నమ్మ అడిగింది. "ఏమీ లేదు లే" అన్నాడు. కంచంలో వేళ్ళు తిప్పుతూ కూర్చున్నాడు. పరీక్ష పోయిన పిల్లలు లోకంలో లేరా, తండ్రీ కూతుళ్ళే చూసుకుంటారులే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. మనసు మాత్రం కుదురుకోలేదు.

బుధవారం ఆ పిల్ల మళ్ళీ వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది. ఈసారి కుక్కను నిమరలేదు, దాని మెడలో మొహం దాచుకుంది.

"నిన్న హాస్టల్ మిద్దె పైకి పోయినా రా. పిట్టగోడ కాడ నిలబడుకున్నా. భయం కాలేదు. భయం కాలేదని ఇప్పుడు భయమవుతాంది. ఈ పొద్దు మళ్ళా పోతానేమో."

గోపాలప్ప గోడవైపు జరిగాడు. ఫోను తీసి నళినికి చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు, అంతే. ఇంతలో పావుగంట అయిపోయింది. తలుపు దగ్గర అర్పిత అనే అమ్మాయి తన చీటీ పట్టుకుని నిలబడి ఉంది. చాందిని కళ్ళు తుడుచుకుని లేచింది, చెప్పులు తొడుక్కుంది. ఇక గడప దాటడమే తరువాయి.

"అమ్మణ్ణీ, పోవద్దు. కూచో."

తెలుగు. చాందిని చటుక్కున తిరిగి చూసింది. గోపాలప్ప అర్పిత వైపు తిరిగి, పరుగున పోయి నళిని మేడమ్‌ను పిల్చుకురమ్మని కన్నడంలో చెప్పాడు. ఆయన గొంతు విని అర్పిత ఎందుకని కూడా అడగకుండా పరుగెత్తింది.

"మీకు తెలుగు వస్తాదా?" అంది చాందిని.

"మా ఇంట్లో తెలుగేనమ్మా."

"నిన్నట్నుంచీ వింటుండారా?"

"విన్నాను. తప్పు నాదే."

ఆ పిల్ల మొహం ఎర్రబడింది. "కుక్కకి చెప్పుకున్నా నేను. మీకు కాదు. ముసలాయన అని నమ్మితే చెవులు రిక్కించుకోని కూచున్నారా? సిగ్గుగా లేదా మీకు?"

"ఉండాది తల్లీ. తిట్టు. ఎంతసేపైనా తిట్టు. ఈడే కూచోని తిట్టు."

కూర్చోలేదు. అయితే వెళ్ళనూ లేదు. నిలబడే తిట్టింది. కన్నడం మాట్లాడి మోసం చేశారంది. ఊళ్ళో ఉండే పెద్దమనుషులంతా ఇంతే, అన్నీ వింటారు, ఒక్కరూ నోరు విప్పరంది. నాన్న పంచిన మిఠాయిలను తిట్టింది, మ్యాథ్స్ కనిపెట్టినవాణ్ణి తిట్టింది. ఒక్కో తిట్టుకూ గోపాలప్ప "ఔను, ఇంకా?" అంటున్నాడు. ఈ పిల్ల తిట్లు అయిపోకూడదు స్వామీ, నళిని వచ్చేదాకా అయిపోకూడదు అని వేంకటేశ్వరుణ్ణి వేడుకుంటున్నాడు. తిట్టి తిట్టి గొంతు పోయాక ఆ పిల్ల చాప మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. అప్పటికి నళిని రొప్పుతూ వచ్చి పక్కన కూర్చుంది.

గురువారం పొద్దున తొమ్మిదికే గోపాలప్ప ఆ గదిలో ఉన్నాడు. పిల్లలంతా పరీక్ష హాల్లో ఉన్నారు, చాప ఖాళీగా ఉంది. డాక్టరు చూశాడని, వార్డెన్ రాత్రంతా పక్కనే ఉందని, తల్లి కదిరి నుంచి బస్సెక్కిందని నళిని ఫోనులో చెప్పింది. అయినా ఆయన కళ్ళు తలుపు మీదే ఉన్నాయి. పది దాటింది. పదిన్నర దాటింది. నేను నోరు విప్పి ఆ పిల్లకు మనసు చెప్పుకునే ఒక్క దిక్కూ లేకుండా చేశానా అని కుమిలిపోయాడు.

పదకొండింటికి తలుపు తెరుచుకుంది. చాందిని. వెనకాల, బస్సు సంచి భుజానే ఉన్న తల్లి. కూతురి చున్నీ కొస చేతిలో పట్టుకుని ఉంది, వదిలేలా లేదు.

"పరీక్ష రాయలేదు" అంది చాందిని, చాప మీద కూర్చుంటూ.

"పోనీలే తల్లీ."

"నిన్న తిట్లు సగంలోనే ఆగిపోయినాయి."

"మొదలుపెట్టమ్మా. ఈ పొద్దంతా ఈడే ఉంటా."

ఆ పిల్ల మొదలుపెట్టింది. గోపాలప్ప తువాలుతో కళ్ళు ఒత్తుకుంటూ, ఒక్క మాటా పోనివ్వకుండా విన్నాడు.