సత్రం అరుగు మీద అన్నం

మా పెద్దమ్మాయి రెండేళ్లు నిండినా పాలసీసా వదల్లేదు. అప్పట్లో మేము తిరుచానూరులో ఉండేవాళ్లం. గుడికి పోయే దారిలో మా మామగారికి ఇత్తడి, స్టీలు సామాన్ల అంగడి ఉండేది. నా భర్తా అందులోనే కూర్చునేవాడు. ఇంటి వెనక కొట్టంలో ఆవు ఉండటంతో పాలకు కరువు లేదు. మా వాకిలికి ఎదురుగానే, అమ్మవారి దర్శనానికి వచ్చినవాళ్లు దిగే చిన్న సత్రం ఉండేది.

నేను చిత్తూరు నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని. అది నాకు తొలి కాన్పు. అన్నం ముద్ద నోట్లో పెడితే బిడ్డ ఉమ్మేసేది. కడుపు మాడ్చుకుని పడుకుంటుందేమోనని నాకు భయం వేసేది. వెంటనే సీసా కడిగి, పాలు పోసి, పాలపీక బిగించి ఇచ్చేదాన్ని. అది గోడకు ఆనుకుని, కాలు మీద కాలు వేసుకుని మొత్తం తాగేసేది. మా అత్తకు అది చూడటం ముచ్చట. "మన ఆవుపాలు తాగే బిడ్డ. సూడు, ఎంత తెల్లగా ఉండాదో" అని ఇంటికి వచ్చినవాళ్లందరికీ చూపించేది. నాది చామనఛాయ కంటే ఒక పిసరు తక్కువే. బిడ్డ తెలుపు చూసి నేనూ లోలోపల మురిసిపోయేదాన్ని.

ఆ ఎండాకాలం బిడ్డ గోడల సందుల్లో మట్టి గీకి తినడం మొదలుపెట్టింది. కాసేపు ఆడి చతికిలబడేది. కడుపులో పురుగులేమోనని నేనూ అత్తా తిరుపతికి తీసుకుపోయి ఒక లేడీ డాక్టరుకు చూపించాము.

డాక్టరమ్మ బిడ్డ కంటి కింది రెప్ప లాగి చూసింది. గోళ్లు నొక్కి చూసింది.

"ఏం పెడతా ఉండావమ్మా?"

"పాలు బాగా తాగతాది."

"పాలు సరే. అన్నం?"

"అన్నం ముట్టదు."

"పాలతోనే కడుపు నిండిపోతా ఉంటే అన్నానికి చోటు యాడుంటాది? ఒంట్లో రక్తమే లేదు ఈ బిడ్డకు."

"అదేం లేదమ్మా, పుట్టినప్పటి నుంచీ తెలుపే మా బిడ్డ" అంది మా అత్త.

"ఇది తెలుపు కాదు పెద్దమ్మా. పాలిపోయింది."

తలుపు ఓరగా తీసి ఉంది. బయట బల్ల మీద కూర్చున్న ఆడవాళ్లు మాటలు ఆపేశారు. డాక్టరమ్మ మందు రాసింది. పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు పాలు చాలు, అవీ అన్నం తిన్నాకే పట్టాలి, సీసా ఇంట్లో కనపడకూడదు అని చెప్పింది. బయటికి వస్తుంటే బల్ల మీది ఒకామె బిడ్డ ముఖం చూసి, తర్వాత నా ముఖం చూసింది. ఎండ లేకపోయినా బిడ్డ తలమీద కొంగు కప్పాను. బస్సులో అత్త నా పక్కన ఖాళీ ఉన్నా వేరే సీట్లో కూర్చుంది.

సీసాను గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను. గ్లాసుతో పాలిస్తే బిడ్డ విసిరికొట్టింది. సంగటి మెత్తగా పిసికి పప్పు కలిపి పెడితే పళ్లు బిగించింది. నేను దాన్ని వంటింట్లో ఎదురుగా కూర్చోబెట్టుకుని, గిన్నె ఒళ్లో పెట్టుకుని, నోరు ఎప్పుడు తెరుస్తుందా అని కనిపెట్టుకుని ఉండేదాన్ని. ఏడ్చి ఏడ్చి దాని గొంతు బొంగురుపోయింది. ఇరుగుపొరుగు కిటికీల్లోంచి చూసేవాళ్లు.

"డాక్టరు మాట పట్టుకోని బిడ్డను మాడ్చి సంపుతా ఉండావు మే" అనేది అత్త. "కొన్నాళ్లు ఓర్చుకోమ్మా" అనేవాడు నా భర్త, ఆమెకు వినపడీ వినపడనట్టు. ఒకరోజు తట్టుకోలేక సీసా దించి సగం పాలు పట్టాను. అయిపోయాక బిడ్డ నన్ను చూసి నవ్వింది. మర్నాడు మళ్లీ మొదటికొచ్చింది.

ఆ తర్వాత నాకు అర్థం కాని సంగతి ఒకటి జరిగింది. బిడ్డ మధ్యాహ్నాలు ఏడవడం మానేసింది. సీసా అడగడం లేదు, నేను పెట్టిందీ తినడం లేదు. మందు పనిచేస్తోందేమో అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం, రోజూలాగే అత్త కునుకు తీసే వేళ, గుడ్డలు ఉతికి వచ్చేసరికి ఇంట్లో బిడ్డ లేదు. వీధి తలుపు తీసి ఉంది. పెరట్లో బావి చూశాను. కొట్టం చూశాను. వీధిలోకి పరుగెత్తాను. ఎదురుగా సత్రం అరుగు మీద ఒక గుంపు విస్తళ్లు వేసుకుని భోంచేస్తోంది. కొండ మీద గుండ్లు చేయించుకుని దిగి వచ్చినవాళ్లు, తలల నిండా గంధం. వాళ్ల మధ్య నా బిడ్డ ఉంది. ఒంటి మీద గౌను ఒక్కటే. గడ్డం మీద, మోకాళ్ల మీద పులుసన్నం. చెయ్యి చాపి "ఇంకా" అంటోంది. పక్కన ఒక ముసలామె తన విస్తట్లోంచి ముద్దలు తీసి దాని చేతిలో పెడుతోంది.

నేను అరుగు కింద ఆగిపోయాను.

"నీ బిడ్డేనా?" అంది ముసలామె. మాట మదనపల్లె వైపుది.

"అవును."

"నిన్నా వచ్చినాది, మొన్నా వచ్చినాదంట. మాకంటే ముందు దిగినోళ్లు చెప్పినారు. ఎవురో అడుక్కునేవాళ్ల బిడ్డ అనుకున్న్యాము." ఆమె నా చేతుల బంగారు గాజులు చూసింది. "ఇంత ఉండి బిడ్డకు బువ్వ పెట్టలేవా తల్లీ?"

ఆమె తిట్టలేదు. నిజంగానే అడిగింది. గుంపంతా తినడం ఆపి నన్ను చూస్తోంది. పెడితే తినదని, డాక్టరు పాలు తగ్గించమందని చెప్పబోయాను. చెప్పినా ఎవరు నమ్ముతారు? బిడ్డ వాళ్ల కళ్ల ముందే ఆవురావురుమని తింటోంది. ఎత్తుకోబోతే నా చెయ్యి తోసేసి ముసలామె చీర పట్టుకుని ఏడ్చింది. అలాగే లాక్కుని ఇంట్లోకి వచ్చి తలుపు గడియ పెట్టాను. దాని మూతి కడుగుతూ నేనూ ఏడ్చాను.

సాయంత్రానికి సత్రం కాపలావాడు అంగడికి పోయి మా మామగారికి చెప్పాడు. ఆయన ఇంటికి వచ్చి తువ్వాలు కొయ్యకు తగిలించాడు.

"మన బిడ్డ సత్రం కాడ చెయ్యి చాపింది" అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

అత్త గోడకు తిరిగి కళ్లు ఒత్తుకుంది. నేను స్తంభం చాటున నిలబడి ఉన్నాను. భూమిలోకి దిగిపోతే బాగుండునని అనిపించింది.

మర్నాటి నుంచి వీధి తలుపుకు పైగడియ పెట్టాము. బిడ్డ మళ్లీ మెతుకు ముట్టడం మానేసింది. నేను ఆ అరుగును తలుచుకోకూడదనుకుంటూనే తలుచుకున్నాను. అక్కడ దాని నోటి వంక ఎవరూ చూడటం లేదు. అందరూ తింటున్నారు, అదీ తింటోంది. మా ఇంట్లో మగవాళ్లు ముందు తింటారు, ఆడవాళ్లం చివర్లో. బిడ్డ ఒక్కతే, ఎప్పుడో, నా చూపుల కింద.

అది అత్తతో చెప్పడానికి నాకు ధైర్యం చాలక నా భర్తతో చెప్పాను. ఆయన తండ్రితో ఏమన్నాడో తెలియదు. మరుసటి మధ్యాహ్నం మామగారు పీట మీద కూర్చుంటూ, "ఆ బిడ్డను ఈడ కూర్చోబెట్టండి. దానికీ ఒక ఆకు వెయ్యండి" అన్నాడు. ఆయన భోజనానికి కూర్చుంటే మేమెవరం దగ్గరికి పోయేవాళ్లం కాదు. బిడ్డ ఆయన పక్కన కూర్చుని, ఆయన సంగటి ముద్ద ఎలా చిదుముతాడో చూసింది. తనూ చిదిమింది. సగం నేల మీద, సగం నోట్లో. మామగారు దాని వంక తిరగకుండానే తిని, చెయ్యి కడుక్కుని అంగడికి పోయాడు.

అలా మెల్లగా తినడం వచ్చింది. గ్లాసు పాలకు ఇంకొన్ని వారాలు పట్టింది. వానలు మొదలయ్యాక డాక్టరమ్మ మళ్లీ రెప్ప లాగి చూసి బాగుందన్నట్టు తల ఊపింది. అత్త ఆ రోజు నా పక్కనే కూర్చుంది కానీ ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

సిగ్గు మాత్రం నన్ను అంత తొందరగా వదల్లేదు. ఎదురుగా అరుగు మీద కొత్తవాళ్లు విస్తళ్లు వేసుకుని కూర్చుంటే వీధిలోకి పోవడానికి వెనకాడేదాన్ని. వాళ్లకు నేనెవరో తెలియదని తెలిసీ తల వంచుకుని పోయేదాన్ని. ఆ ముసలామెకు మంచినీళ్లు కూడా ఇవ్వకుండా తలుపేసుకున్నానే అన్నది ఇంకో బాధ. అది జరిగిన మర్నాడు పొద్దున్నే సత్రం వైపు చూశాను. వాళ్లు వెళ్లిపోయారు.

మూడేళ్లకు కొడుకు పుట్టాడు. వాడికి సీసా కొననే లేదు. ఆరు నెలలు నిండగానే సంగటి, పప్పు అలవాటు చేశాను. వాడికి తినిపించేది మా వీధి అరుగు మీదే, అందరికీ కనపడేలా. గాలికి బాగుంటుందని అత్తతో చెప్పేదాన్ని. వాడు నోరు తెరిచిన ప్రతిసారీ నా చూపు వాడి మీద కాకుండా, ఎవరైనా చూస్తున్నారా అని వీధి మీదికే పోయేది.