తాళం వేసి ఉంది

దర్శన కుర్చీ వదిలేసిందన్న కబురు ముంబైలో ఆమె అత్తింటివాళ్లుండే వర్లి చాళ్‌కు ఆమెకన్నా ముందే చేరింది. సాయంత్రం ఆమె గడప దాటేసరికి అత్త భూదేవి స్టవ్ ఆర్పేసి, చేతులు కట్టుకుని కూర్చుని ఉంది.

"మా మామ రాళ్లు మోసిండు," అంది భూదేవి. "మీ మామ ఇసుక మోసిండు. నెత్తి మీద తట్ట లేని దినం నాకు తెల్వది. మన ఖాన్‌దాన్‌ల కుర్చీల కూసొని పని చేసిన మొదటి మనిషివి నువ్వు. ఫ్యాను కింద. ఇప్పుడు సంచి మోస్తవా? గా కామాఠీపురా గల్లీలల్లనా?"

"సంచి బరువేం లేదత్తమ్మా. ఈ రోజుల్ల ఉత్తరాలు రాసేటోళ్లు ఎవరున్నరు?"

"మరి లేని ఉత్తరాలు మొయ్యనీకి కుర్చీ ఎందుకు ఇడిసినవే?"

దర్శన భర్త అతుల్ లేచి తానే స్టవ్ వెలిగించాడు. ఆయనకు కారణం కొంత తెలుసు. కొన్ని నెలలుగా ఆమె కంచం ముందు కూర్చుని, ఎదురుగా ఎవరూ లేకున్నా, "లేదవ్వా, ఏం రాలే" అని గొణగడం ఆయన విన్నాడు.

దర్శన పుట్టింది కామాఠీపురాలోనే. పాలమూరు నుంచి రాళ్లు కొట్టడానికి వచ్చిన కూలీల మునిమనుమరాలు. ఈ నగరానికి గోడలు లేపిన కామాఠీల పేరే ఆ పేటకు పెట్టారు. తర్వాత అక్కడే సానివాడను వెలయించి, ఆ పేరు చెప్పుకోవడానికి వాళ్ల పిల్లలే సిగ్గుపడే రోజు తెచ్చారు. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే అక్కడి తెలుగు పిల్లలు అడ్రసు దగ్గర వర్లిలోని ఏ మేనత్త ఇంటినో రాస్తారు. ఫోరస్ రోడ్ పక్క గల్లీ అని రాస్తే ఇంటర్వ్యూకు పిలవరని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దర్శనా అదే రాసింది. పోస్టాఫీసు కౌంటర్లో గుమాస్తాగా ఉద్యోగం వచ్చిన కాగితం వర్లికే వచ్చింది, తర్వాత ఆమె ఆ వర్లి చాళ్‌కే కోడలైంది. తీరా ఆమెను వేసిన ఆఫీసు మాత్రం కామాఠీపురాను ఆనుకునే ఉంది.

మల్లవ్వ దర్శన కౌంటర్ కిటికీ దగ్గరికి వచ్చింది అందుకే. దర్శన పుట్టింటి బిల్డింగులోనే, రెండో అంతస్తులో ఒంటిగది ఖోలీలో ఒంటరిగా ఉండే ముసలిది. పచ్చబొట్ల చేతులతో బతుకంతా ఇటుకలు మోసింది. ఆ పాత చాళ్ కూల్చి కొత్తది కడతారని, ఏ ఖోలీ ఎవరిదో తేల్చడానికి విచారణ ఉందని, ఆ నోటీసు టపాలో వస్తుందని, అది అందనివాళ్లకు కొత్త బిల్డింగులో ఖోలీ రాదని గ్యాలరీ గ్యాలరీకి మాట పాకింది. చదువు రాని మల్లవ్వకు భయం పట్టుకుంది. ఎవరి చేతిలోనో పడి పోతుందేమోనని రోజూ పొద్దున తానే నడిచి వచ్చి వరుసలో నిలబడేది.

"బిడ్డా, నా పేరు మీద ఏమన్న వచ్చిందా?"

"వస్తే పోస్ట్‌మ్యాన్ ఇంటికే తెస్తడు అవ్వా. నువ్వు ఇంట్ల కూసో."

"ఇంట్ల కూసుంటే ఎవరు చెప్తరు? నీ మొకం చూస్తే నాకు నమ్మకం."

వెనుకనుంచి ఎవరో కేకేసేవారు. "అవ్వా, జల్దీ కానియ్యి! మాకు డ్యూటీ ఉంది."

"నేను గూడ డ్యూటీకే వచ్చిన్రా," అనేది మల్లవ్వ. వరుసంతా నవ్వేది. దర్శన కూడా నవ్వి తర్వాతి మనిషి కాగితం అందుకునేది.

ఒకరోజు బిల్డింగు కింద గోడకు మొదటి విడత విచారణలో ఖోలీ దక్కినవాళ్ల జాబితా అతికించారు. అందులో మల్లవ్వ పేరు లేదు. సర్వేవాళ్లు వచ్చి ఆమె సామాను బయట గ్యాలరీలో పెట్టి, ఖోలీకి తాళం వేసి సీలు కొట్టారు. పక్క ఖోలీ శాంతాబాయి తన గడప ముందు చాప పరిచి ఆమెను పడుకోబెట్టింది. వానలు మొదలైన కొద్ది రోజులకే ఆ చాప మీదే మల్లవ్వ చనిపోయింది.

అప్పటికీ దర్శనకు పూర్తి సంగతి తెలియదు. పోస్ట్‌మ్యాన్ గణేష్ చాయ్ దగ్గర చెప్పాడు.

"పాపం అక్కా, ఆ నోటీసు నేనే తీసుకపోయిన. ఎన్నిసార్లు పోయినా తాళమే. ఇంక వాపసు పంపిన."

"ఏ టైముకు పోతుంటివి?"

"బీట్ల అదే మొదటి బిల్డింగ్. పదకొండుకు."

"పక్కోళ్లేమన్లేదా?"

"అన్నరు. పోస్టాఫీసుకు పోయిందన్నరు." గణేష్ గ్లాసు కింద పెట్టాడు. "నేను నవ్విన అక్కా."

పదకొండుకు మల్లవ్వ దర్శన కిటికీ ముందు ఉండేది. ముందు దర్వాజ నుంచి ఆమె లోపలికి వస్తుంటే, వెనుక దర్వాజ నుంచి ఆమె నోటీసు కౌంటర్‌కు కనబడకుండా సంచిలో బయటికి పోయేది. రోజూ.

గణేష్ చెడ్డవాడు కాదు. ఇద్దరు పోస్ట్‌మ్యాన్లు పంచాల్సిన బీటు ఒక్కడే తిరుగుతున్నాడు. "తాళం వేసి ఉంది" అని కవరు మీద రాసిన మూడు మాటలు చూసి, అక్కడ మనిషే బతకడం లేదని తేల్చినవాళ్లున్నారే, వాళ్లను అడగాలి. పగటిపూట ఇంట్లో లేకపోవడం నేరమైతే ఈ నగరంలో కూలి చేసుకునే ప్రతి మనిషీ నేరస్తుడే.

కానీ దర్శన వాళ్లను అడగలేకపోయింది. ఆమెను మాత్రం రోజూ ఒకరు అడిగేవారు. పదకొండు దాటగానే కౌంటర్ కిటికీలో చీకటి పడేది. చెక్క మీద పచ్చబొట్టు చెయ్యి ఒకటి వచ్చి ఆనేది. ఆమె తల ఎత్తకుండానే, "లేదవ్వా," అనేది.

"మేడం?" అనేవాడు ఎదుటి పార్సిల్ మనిషి. "నేను ఇంకా ఏం అడగలే గదా?"

ఒకరోజు కౌంటర్ మూసి పోస్ట్‌మాస్టర్ గదిలోకి వెళ్లింది. గుమాస్తా పని నుంచి దింపి పోస్ట్‌మ్యాన్ బీటు ఇమ్మని అర్జీ పెట్టింది. ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ చదివాడు.

"పైకి పోతనని ఏడ్చేటోళ్లను చూసిన. కిందికి దించమని అడిగేటోళ్లను చూడలే. ఇంట్ల ఏమన్న గొడవా?"

"లేదు సార్. కిటికీ లోపలినుంచి నాకు గల్లీ కనిపిస్తలేదు."

అర్జీ ఎక్కడెక్కడో తిరిగి చివరికి మంజూరై వచ్చింది. జీతం తగ్గింది. దర్శనకు తన పుట్టింటి గల్లీలే బీటుగా దొరికాయి.

మొదటి రోజే ఫాక్‌లాండ్ రోడ్ మలుపులో, మెట్ల మీద జుట్టు దువ్వుకుంటున్న ఒకామె కేకేసింది. "ఏ టపాల్ అక్కా! మాకు గూడ లవ్ లెటర్ ఎవడన్న రాసిండా?"

"బ్యాంకోడు రాసిండు. నిన్ను మరిచిపోలేకపోతుండంట."

ఆ మెట్లన్నీ నవ్వాయి. దర్శన కూడా నవ్వుకుంటూనే పక్కనున్న తన పాత బిల్డింగులోకి అడుగుపెట్టింది. మెట్లు ఎక్కుతుంటే వెనుక ఇంకో అడుగు వినిపించింది. ఆమె అడుగు పడ్డాక, ఒక్క క్షణం ఆగి, ఆ అడుగు. ఆమె ఆగితే అదీ ఆగింది. తిరిగి చూసింది. కింద ఎండ, ఒక పిల్లి, అంతే.

పైన గ్యాలరీలో ఇంకో వింత. సీలు కొట్టిన మల్లవ్వ ఖోలీకి తప్ప ఒక్క తలుపుకూ తాళం లేదు. ప్రతి గడప మీద ఎవరో ఒకరు కూర్చుని ఉన్నారు. కూలి మానుకుని ఒకాయన, పసిపిల్లతో ఒకామె. మల్లవ్వ పోయినప్పటినుంచీ ఆ బిల్డింగులో పగలు ఎవరూ తాళం వేయడం లేదు. రెండో విడత నోటీసులు ఇంకా రావాలి. అవి వచ్చే వేళకు మనిషి కనబడకపోతే పేరు ఎగిరిపోతుందని ఇంటికొకరు కాపలా.

శాంతాబాయికి ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండో దాంట్లో మోతిబిందు, అదే శుక్లం, ముదిరింది. మనుమరాలు కోమల్ దవాఖానకు తీసుకుపోతానని బతిమాలుతోంది. ముసలిది గడప వదలడం లేదు.

"కండ్లు పోతే పోనీ. ఖోలీ పోతే ఏడ పండుకోవాలె? మల్లవ్వ చాప మీదనా?"

"పెద్దమ్మా, నువ్వు పో," అంది దర్శన. "నోటీసొస్తే నువ్వు ఏడున్నా నీ చేతిల పెడత."

"గట్లనే అంటరు. మల్లవ్వకు గూడ ఇంటికే తెస్తమన్నరు."

ఆ మాట ఎవరిదో శాంతాబాయికి తెలియదు. దర్శన సంచి పట్టీ గట్టిగా పట్టుకుంది.

"అన్నది నేనే పెద్దమ్మా."

శాంతాబాయి తెల్లబడ్డ కంటిని ఆమె వైపు తిప్పింది. తర్వాత, "మెట్ల మీద నీ వెనుక వచ్చేది అదేనా అయితే?" అంది. "మాకు గూడ ఇనవడ్డది. రానియ్యి. టపాల్ కోసం వస్తది, ఇంకెందుకొస్తది?"

మరుసటి వారం ఆమె దవాఖానకు పోయింది. షుగర్ ఎక్కువుందని ఆపరేషన్‌కు ముందు కొన్నాళ్లు, తర్వాత కొన్నాళ్లు వార్డులోనే ఉంచుకున్నారు. తోడుగా కోమల్. ఆ ఖోలీకి తాళం పడింది, మల్లవ్వది కాక ఆ బిల్డింగులో అదొక్కటే.

శాంతాబాయి నోటీసు సరిగ్గా అప్పుడే వచ్చింది. పేరున్న మనిషి చేతికే ఇచ్చి, సంతకం తీసుకోవలసిన టపా. విచారణ ఎల్లుండి. దర్శన తాళం ముందు నిలబడింది. పక్క తలుపుకు మల్లవ్వ సీలు అలాగే ఉంది. గణేష్ కూడా ఇక్కడే నిలబడి, పెన్ను తీసి ఉంటాడు. ఆమె చెయ్యి కూడా జేబులో పెన్ను దగ్గరికి పోయింది. వెనుక ఎవరో ఊపిరి బిగబట్టినట్టయింది.

బీటు దాటి టపా తీసుకుపోకూడదు. అందనివి సాయంత్రానికి ఆఫీసులో అప్పజెప్పాలి. ఉద్యోగంలో ఇప్పుడే కిందికి దిగిన మనిషి తప్పు చేస్తే ఇంటికే పంపిస్తారు. దర్శన మిగతా గల్లీలన్నీ పంచి, ఆ ఒక్క కవరు ఖాకీ చొక్కాలో దాచుకుని బస్సెక్కింది.

దవాఖాన గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. "టైం ఖతం. రేపు రా, బాయి."

"టపాల్ ఉంది."

"పేషెంట్లకు టపాల్ ఎవరు తెస్తరు?"

"పేషెంటుకు గాదు, మనిషికి తెచ్చిన. జరుగు."

ఖాకీ చూసి వాడు జరిగాడు. వార్డు చివరి మంచం మీద శాంతాబాయి కంటికి కట్టుతో పడుకుని ఉంది. కోమల్ మందులకోసం కిందికి పోయింది. దర్శన ఇంకా నాలుగు మంచాల దూరంలో ఉండగానే ముసలిది తల ఎత్తింది.

"ఎవరు?"

"నేనే పెద్దమ్మా. నోటీసొచ్చింది. వేలు ఇటియ్యి."

వేలిముద్ర పడింది. కవరు ఆమె అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది దర్శన. శాంతాబాయి దాన్ని గుండెకు ఆనించుకుంది కానీ, ముఖం దర్శన వైపు లేదు. ఆమె భుజం వెనక్కి చెవి ఒగ్గి వింటోంది.

"నీతోని ఇంకెవరొచ్చిన్రు?"

దర్శన తిరిగి చూడలేదు. "లైన్ల ఉన్నది, పెద్దమ్మా," అంది.

శాంతాబాయి కాళ్లు మెల్లగా పక్కకు జరుపుకుని మంచం అంచున చోటు చేసింది. "నిలవడి నిలవడి కాళ్లు పోయినయి దానికి. కూసోమను."

ఆ కాగితం పట్టుకుని కోమల్ విచారణకు వెళ్లింది. శాంతాబాయి పేరు నిలిచింది. దర్శనకు మెమో వచ్చింది: బీటు దాటి ఎందుకు పోవలసి వచ్చిందో రాతపూర్వకంగా తెలపాలని. "మనిషి అక్కడ ఉంది కాబట్టి" అని రాసి సంతకం చేసింది. దాని మీద నిర్ణయం ఇంకా రాలేదు. భూదేవి మాత్రం ఆ కుర్చీ సంగతి ఇప్పటికీ మరిచిపోలేదు. కానీ పొద్దున సంచికి తగిలించే నీళ్ల సీసా నింపేది ఆమే.

బిల్డింగులో ఒకటొకటిగా తాళాలు మళ్లీ పడుతున్నాయి. జనం పనులకు పోతున్నారు. ఎక్కడ పని చేస్తారో, కూలి కోసం ఏ నాకా దగ్గర నిలబడతారో దర్శనకు చెప్పి మరీ పోతున్నారు. ఒక తలుపు సీలు మాత్రం అలాగే ఉంది. ఆ పేరు మీద ఏమీ రాదు.

మెట్ల మీద ఆ రెండో అడుగు ఇంకా వస్తూనే ఉంది. దర్శన ఇప్పుడు ఆగి వినడం మానేసింది. మోకాళ్ల నొప్పులున్న ముసలి మనిషికి అందేటట్టు, కొంచెం మెల్లగా ఎక్కుతుంది.