ట్యాక్సు చిన్నాయన అడిగే మాట

ట్యాక్సు చిన్నాయన పోయాడని మా స్కూల్లో సైన్సు టీచరమ్మ ఫోన్ చేసి చెప్పింది. జూలై సగం దాటింది. నేను వంటింట్లో చింతపండు పిసుకుతున్నాను.

"అక్కా, ప్రొద్దుటూరు చిన్నాయన పోయినాడంట. ఆస్పత్రిలోనే."

అలాంటి మాట వింటే మనిషి నోట అయ్యో అని రావాలి. నా నోట వచ్చింది వేరే. "అట్లయితే నా కాగితాలు?" అన్నాను.

"కాగితాలు యాడికీ పోవులేక్కా. మనిషే పోయినాడు" అని పెట్టేసింది. వయసులో నాకంటే చాలా చిన్నది. ఆ మాట అనిపించుకున్నందుకు కాదు, అనిపించుకునేలా ఉన్నందుకు సిగ్గేసింది. ఇప్పటికీ వేస్తోంది.

ఆయన నాకు చుట్టం కాడు. ప్రొద్దుటూరులో మా పుట్టింటి వీధిలోనే ఇల్లు. జనానికి ఆదాయపు పన్ను రిటర్నులు వేసిపెట్టడమే ఆయన జీవనం. చిన్నప్పటి నుంచి చిన్నాయనా అని పిలిచినందువల్ల నాకు చిన్నాయన. నన్ను చూసి జమ్మలమడుగులో మా స్కూలు వాళ్ళందరికీ చిన్నాయనే. పులివెందుల నుంచి వచ్చే ఎరువుల అంగడి వాళ్ళు మాత్రం మామా అనేవాళ్ళు.

సాఫ్ట్‌వేరు రానప్పటి మనిషి అనుకునేరు. ఆయన దగ్గరా కంప్యూటరు ఉండేది. రెండు వేళ్ళతో టకటకా కొట్టేవాడు. పని అయ్యాక దానిమీద తువ్వాలు కప్పేవాడు. అయితే దాన్ని తెరవడానికి ముందు ఆయన పని ఒకటి ఉండేది. మనం కాగితాల సంచి విప్పబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు.

"అది ఆ పక్కన పెట్టుమ్మా. ముందు చెప్పు, ఈ ఏడు ఏమేం జరిగినాయి?"

మొదటిసారి నాకు అర్థం కాలేదు. పన్నుకూ దీనికీ ఏం సంబంధం అన్నాను. "ఇంట్లో జరిగిందే గదమ్మా లెక్కలోకొచ్చేది" అన్నాడు. ఇక చెప్పుకుంటూ పోయేదాన్ని. అమ్మ కంటి ఆపరేషను, మైలవరం దగ్గరి చేను అమ్మడం, కూతురి కాలేజీ ఫీజు. వీటిలో లెక్కకు పనికొచ్చేది ఏదో ఆయన ఏరుకునేవాడు. పనికిరానిదీ అంతే శ్రద్ధగా వినేవాడు. అత్తగారితో మాటామాటా అనుకోవడం ఫారంలో ఏ కాలమ్‌లోనూ చూపించక్కర్లేదు కదా. అదీ విన్నాడు పాపం.

ఒకసారి నా ముందే అంగడాయన ఒకడు, గుడికి ఇవ్వని చందా ఇచ్చినట్టు రాసుకొమ్మని గొణిగాడు. "రాస్తాలేప్పా. రాసేది నేను, నోటీసు వస్తే చదువుకునేది నువ్వు. రాయమంటావా?" అన్నాడు చిన్నాయన. అంగడాయన మజ్జిగ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. చందా మాట మళ్ళీ ఎత్తలేదు.

మా ఆయన చనిపోయిన ఏడు కూడా అలవాటుగా అదే అడిగాడు. అప్పటికే ఆయనకు తెలుసు, నోరు జారింది. చిన్నాయన తీయబోయిన తువ్వాలు మళ్ళీ కంప్యూటరు మీద కప్పాడు. "ఈ పొద్దు వద్దులేమ్మా. పోయినోళ్ళకు గూడా ఆఖరి లెక్క ఒకటుంటాది. అది తొందరపడి చేసేది కాదు" అన్నాడు. చిన్నమ్మ లోపలి నుంచి వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయి అన్నం పెట్టింది. ఆ ముద్ద నేను మరిచిపోలేదు. మరిచిపోలేదని ఇప్పుడు చెప్పుకోవడం తేలికే.

మా సైన్సు టీచరమ్మ మాత్రం ఊరుకునేది కాదు. "ఒక సెలవు, బస్సులో పడి చావడం, ఫీజు, ఇదంతా ఎందుకక్కా? ఫోన్లో అయిపోతాది గదా" అనేది. ఉండబట్టలేక ఆ ముక్క చిన్నాయననే అడిగాను. నొచ్చుకుంటాడేమోనని నసిగాను కూడా.

ఆయన నవ్వాడు. "అవునుమ్మా, జీతమొక్కటే అయితే శానా సులువు. ఏమీ జరగని ఏడు ఫోన్లోనే చేసుకో. ఏమన్నా జరిగిన ఏడు నా దగ్గరికి రా."

పోయిన ఏడు నాకేమీ జరగలేదు. మంచం మీద కూర్చుని ఫోన్లో చేసుకున్నాను. వివరాలు సరిగ్గా ఉన్నాయా అని అడిగింది, ఉన్నాయని నొక్కాను. టీ చల్లారే లోపల అయిపోయింది. ఇంత చిన్న పనికా ఇన్నేళ్ళు ప్రొద్దుటూరు తిరిగాను అని స్టాఫ్‌రూములో గొప్పగా చెప్పాను.

ఈ ఏడు పాత డిపాజిట్లు తీసి ఇల్లు కొన్నాను. అది ఫోనుతో అయ్యే పనిగా తోచక జూన్‌లో మళ్ళీ వెళ్ళాను. చిన్నాయన సగమైపోయాడు. ఎడమ చేతికి కట్టు ఉంది. "పోయిన ఏడు రాలేదంటే ఏమీ జరగలేదనుకున్నా. మంచిదేమ్మా" అన్నాడు, నిజంగా సంతోషపడుతూ. ఎప్పటిలాగే అడిగాడు, నేను ఇల్లు కొన్న కథంతా చెప్పాను. చేతికి ఆ కట్టు ఏమిటని మాత్రం అడగలేదు. సంచి ఆయన చేతికిచ్చి లేచాను, బస్సు వేళయింది మరి.

ఆయన పోయిన మూడోనాడు పరామర్శకు పోయాను. పరామర్శకే పోయానని చెప్తే మీరు నమ్మినా నేను నమ్మను. వరండాలో ఆ చందా అంగడాయన అప్పటికే ఉన్నాడు. గోడలకేసి, బీరువాకేసి చూస్తున్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు. నేనూ దించుకున్నాను. ఏం వెతుక్కుంటూ వచ్చామో ఇద్దరికీ తెలుసు.

చిన్నమ్మ మా ఇద్దరినీ ఏమీ అడగలేదు. లోపలికి వెళ్ళి ఎవరి సంచి వాళ్ళకు తెచ్చిచ్చింది. "టీచరమ్మా, నీది కాలేదంట. గడువు దాటనీయకుండా ఇంకెవరికన్నా చూపించుకోమన్నాడు. ఆస్పత్రిలో ఉండి గూడా చెప్తానే ఉన్న్యాడు" అంది.

చావింట్లో పోయొస్తామని చెప్పకూడదు కదా, మౌనంగా లేచి రావాలి. అంగడాయన అలాగే లేచిపోయాడు. ఆ ఆచారం నాకూ బాగానే కలిసొచ్చింది. సంచి తీసుకుని గడప దాకా వచ్చాను. అక్కడ ఆయన బల్ల, దానిమీద తువ్వాలు కప్పిన కంప్యూటరు. నేను ఎప్పుడూ కూర్చునే కుర్చీ. తిరిగొచ్చి అందులోనే కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఆయన్ను ఒక్కసారీ తిరిగి అడగని మాట, అడగడానికి ఆయన లేనప్పుడు నోటికొచ్చింది.

"చిన్నమ్మా, ఈ ఏడు ఏమేం జరిగినాయి?"

ఆమె గోడకానుకుని కింద కూర్చుంది.

"ఈ ఏడు కాదుమ్మా, పోయిన ఏడే మొదలాయ. ఇదే నెల్లో. కాళ్ళు వాచినాయి, చూపిస్తే కిడ్నీలన్యారు. చేతికి సూదులు గుచ్చి డయాలసిస్ చేసేటోళ్ళు. మీ లెక్కలు పూర్తయ్యేదాంక ఎవురికీ చెప్పొద్దన్యాడు..."

పోయిన ఏడు ఇదే నెలలో నేను మంచం మీద కూర్చుని ఫోను నొక్కుతున్నాను. ఆమె చెప్తూ పోయింది. మధ్యలో ఏడ్చింది, కళ్ళు తుడుచుకుని మళ్ళీ చెప్పింది. నేను ఊ కొడుతూ విన్నాను. ఎంతసేపయ్యాకో నా ఒళ్ళోకి చూసుకుంటే, కాగితాల సంచిని రెండు చేతులతో గట్టిగా పట్టుకునే ఉన్నాను.