మా ఇంటి రైఫిల్ పేలిందా?

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. పిల్లి అడ్డం వస్తే చిరుత అంటాను. రెండు ఫర్లాంగులు నడిస్తే కాశీయాత్ర అంటాను. నా భార్య నేను చెప్పే ప్రతి అంకెనూ నాలుగుతో భాగించుకుని నమ్ముతుంది. మీరూ అట్లాగే చదవండి. అలసటను మాత్రం భాగించకండి, అది ఉన్నది ఉన్నట్టే రాశాను.

బాపు, అంటే మా నాన్న, పోయాక నా వాటాకు ఒక వేట రైఫిల్ వచ్చింది. పొలం కూడా రావలసిందే గానీ, అది అప్పటికే ఒక సాఫ్ట్‌వేర్ ఆయన ఫామ్‌హౌస్ అయిపోయింది. మొయినాబాద్ చుట్టుపక్కల మనిషి కాసేపు నిలబడితే చాలు, అతని కాళ్ళ కింది నేల ధర పెరిగే రోజులవి. చెట్టు నీడన కూర్చుంటే ముగ్గురు బ్రోకర్లు వచ్చి ఆ నీడ ఎన్ని గజాలో కొలిచేవారు. రైఫిల్ ధర మాత్రం ఎవ్వరూ అడగలేదు.

దాని లైసెన్సు బాపు పేరున ఉంది. మనిషి పోతే వారసుడు కొత్త లైసెన్సు తెచ్చుకోవాలి, లేదంటే తుపాకిని ఠాణాలో అప్పగించాలి. బీపీ బిళ్ళ అందుకోవడానికే వణికే చేతులు నావి. అందుకని చేవెళ్ల ఠాణాలో అప్పగిద్దామనుకున్నాను. అప్పుడు అడ్డం వచ్చాడు చిన్నబాపు, అంటే మా బాపు తమ్ముడు.

వయసులో ఉన్నప్పుడు జొన్నచేలో అడవిపంది బాపు మీదికి ఉరికిందని, తను ఆ రైఫిల్ గుంజుకుని కాల్చి అన్నను కాపాడానని చిన్నబాపు జీవితమంతా చెప్పుకున్నాడు. సాక్షి బాపు ఒక్కడే. ఎవరు అడిగినా బాపు అవుననలేదు, కాదనలేదు, నవ్వి ఊరుకునేవాడు. ఆ సాక్షి కూడా పోయాక మొయినాబాద్ చాయ్ హోటల్లో అందరికీ నోళ్ళు లేచాయి.

“ఏమే కాకా, ఆ పంది ఏడ పడ్డదే? ఫామ్‌హౌస్‌ల ఈతగుంట తవ్విన్రు గదా, గాడనా?”

“పడ్డది పందేనా, ఊరకుక్కనా? సక్కగ యాది చేసుకో!”

చిన్నబాపు హోటల్‌కు పోవడం మానేశాడు. డెబ్బై ఏళ్ళ మనిషి ఇంట్లోనే చాయ్ తాగుతూ గోడను చూస్తుండేవాడు. ఒకరోజు నన్ను పిలిచాడు.

“బిడ్డా, ఠాణాల ఇచ్చేకంటె ముందు దాన్ని జర పట్నం తీస్కపో. తుపాకులు బాగుచేసేటోళ్లు గొట్టం సూసి చెప్తరట, పేలిందా లేదా అని. మీ బాపు నోరిప్పకుంటనే పాయె. తుపాకన్న చెప్పనీ.”

ముందు దాని చరిత్ర తెలుసుకుందామని ఉర్దూలో ఉన్న పాత లైసెన్సు పుస్తకాన్ని ఒక రిటైర్డ్ ఉర్దూ సారుతో చదివించాను. మా తాత వేట చూసి మురిసిపోయి ఒక నవాబు ఇచ్చిన బహుమానమని మా ఇంట్లో నాలుగు తరాలుగా వినికిడి. సారు కళ్ళద్దాలు సర్దుకుని, “పంట కావలి కోసం, పాతది, కొనుగోలు” అని చదివాడు. ఒక్క ముక్కతో నవాబు మా వంశంలోంచి లేచి వెళ్ళిపోయాడు. తూటాల వివరం రాసిన పేజీలను చెదలు తినేశాయి.

తుపాకిని పట్నం తీసుకుపోవడానికి ఠాణా నుంచి ఉత్తరం కావాలి. దానికోసం చేవెళ్లకు పదిహేడు వేల సార్లు తిరిగాను. పదిహేడు వేలోసారి హెడ్ కానిస్టేబుల్ కనికరించి ఉత్తరం రాసిచ్చాడు.

“అమ్ముతవా అన్నా? కొనేటోనికి లైసెన్స్ ఉండాలె. లైసెన్స్ ఉన్నోడు కొత్తదే కొంటడు. ఇగ దీనికి ధర ఏడికెల్లి వస్తది?”

రైఫిల్‌ను దుప్పట్లో చుట్టి మెహదీపట్నం బస్సెక్కాను.

“ఏందన్నా, పైపా? బోరేస్తున్నవా?” అన్నాడు కండక్టర్.

అవునన్నాను. బస్సులోని నాలుగు వందల మందీ నా బోరుకు నీళ్ళు ఎక్కడ పడతాయో చెప్పడం మొదలుపెట్టారు. దిగేసరికి నాకే దాహం వేసింది.

తుపాకుల దుకాణం ముసలాయన గొట్టంలోకి టార్చి వేసి చూశాడు, వాసన చూశాడు.

“క్యా సాబ్, ఇది రైఫిలా, ఆచార్ జాడీనా?”

ఇనుపచువ్వ దూర్చి తీస్తే నల్లగా, పచ్చగా గడ్డకట్టిన జిగురు రాలింది. పసుపు, కుంకుమ, నువ్వులనూనె. ప్రతి దసరాకు చిన్నబాపు ఆ రైఫిల్‌కు స్నానం చేయించి, బొట్టు పెట్టి, ఆయుధం ఎండిపోవద్దని గొట్టం నిండా నూనె పోసేవాడు. ఏళ్ళ తరబడి, ఎంతో భక్తిగా.

“స్నానం నీళ్ళు లోపలనే ఉండిపోయినయ్. జంగు, తుప్పు మొత్తం తినేసింది సాబ్. పేలిందా, లేదా? ఇప్పుడు ఖుదాకే మాలూమ్. ధర అంటరా, ఇనుము ధర.”

తిరిగి వచ్చేసరికి మొయినాబాద్ బస్టాపులో చిన్నబాపు నిలబడి ఉన్నాడు. పొద్దుటినుంచీ అక్కడే ఉన్నట్టున్నాడు.

“ఏమన్నడు?”

ఆయన పోసిన నూనె సంగతి చెప్పే ఓపిక నాకు లేకపోయింది.

“పేలిందన్నడు, చిన్నబాపు. లోపల మసి సూపిచ్చిండు. ఒక తూటా పోయిందట.”

“ఒక్కటేనా? వానికేమెరుక! రెండు కొట్టిన. మొదటిది తప్పింది,” అన్నాడు చిన్నబాపు. అని, దుప్పటి మూటను భుజాన వేసుకుని నేరుగా చాయ్ హోటల్లోకి నడిచాడు.

ఇక ఒప్పుకోవాలి. ఠాణా తిరుగుళ్ళూ, బస్సు జనమూ పెంచినవే గానీ కల్పించినవి కావు. కల్పించింది ఆ రెండు తూటాల మాట, ఆ హోటల్ నడక. రాస్తున్నప్పుడు ఆయన్ని అట్లా నడిపించాలనిపించింది. నిజానికి చిన్నబాపు నా ముఖంలోకి చూశాడు.

“నీకు అబద్ధం ఆడరాదు బిడ్డా. మీ బాపుకు గూడ రాకపోతుండె. అందుకే ఏమనకపోతుండె,” అన్నాడు.

ఠాణా వైపు పోయే చేవెళ్ల బస్సు వచ్చింది. మూట ఆయనే పట్టుకుని నాకంటే ముందు ఎక్కాడు.